బెర్నబేవ్‌లో గెలిచినా అట్టడుగునే: విక్టర్ గంచరెంకో లెక్క విప్పి చూస్తే

2018 డిసెంబర్ 12న రష్యా ఫుట్‌బాల్ జట్టు సీఎస్‌కేఏ మాస్కో, స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్‌ను వాళ్ల సొంత మైదానం బెర్నబేవ్‌లోనే 3-0తో ఓడించింది. యూరప్ పోటీల్లో రియల్ సొంతగడ్డ మీద అంత తేడాతో ఓడటం అదే మొదటిసారి. అంతకుముందు అక్టోబర్‌లో మాస్కోలోనూ సీఎస్‌కేఏ 1-0తో గెలిచింది. అంటే యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌ను వరుసగా మూడేళ్లు ఎగరేసుకుపోయిన జట్టును రెండుసార్లూ కొట్టింది. అయినా ఆ డిసెంబర్ రాత్రే సీఎస్‌కేఏ గ్రూపులో నాలుగో స్థానంలో, అంటే ఆఖరున నిలిచింది. మూడో స్థానానికి దక్కే, కింది అంచె పోటీ అయిన యూరోపా లీగ్‌కు కూడా అర్హత దక్కలేదు.

ఆ జట్టు కోచ్ బెలారస్ మనిషి విక్టర్ గంచరెంకో. ఆయన గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. పెద్ద జట్లను పడగొట్టగలడన్నది ఒకటి, ఒడ్డు దాకా వచ్చి జారిపోతాడన్నది రెండోది. రెండూ నిజమే, రెండింటికీ వేరు ఒకటే. ఆ వేరు మాడ్రిడ్‌లో దొరకదు. చెక్ దేశంలో బీరుకు పేరుపడ్డ ప్లజెన్ అనే ఊళ్లో దొరుకుతుంది. అక్కడికి చేరేముందు ఆయన ఎక్కడ తయారయ్యాడో చూడాలి.

ఫ్యాక్టరీ పేరుతో ఒక క్లబ్

గంచరెంకో 1977 జూన్ 10న హోమెల్ ప్రాంతంలోని ఖోయినికిలో పుట్టాడు. చెర్నోబిల్ రియాక్టర్ పేలిన 1986 ఏప్రిల్ నాటికి ఆయనకు తొమ్మిదేళ్లు నిండలేదు. బెలారస్‌లో రేడియేషన్ దెబ్బ గట్టిగా తిన్న జిల్లాల్లో ఖోయినికి ఒకటి. అందులో కొంత భాగం ఇప్పటికీ జనం కాపురముండకూడని రక్షిత ప్రాంతమే.

ఆటగాడిగా ఆయన డిఫెండర్. 1998లో బాటే బరీసవ్‌లో చేరాడు. బాటే అన్నది ఊరి పేరు కాదు. కార్లకూ ట్రాక్టర్లకూ కావలసిన విద్యుత్ పరికరాలు తయారుచేసే బరీసవ్ ఫ్యాక్టరీ పేరుకు పొడి అక్షరాలు. మూతపడిపోయిన ఆ క్లబ్బును 1996లో అనతోలి కప్‌స్కీ మళ్లీ నిలబెట్టాడు. మూడో అంచె లీగ్‌లో మొదలై, ఏడాదికొక మెట్టు ఎక్కి, 1998కల్లా పై లీగ్‌లో అడుగుపెట్టి, 1999లో దేశ ఛాంపియన్ అయింది. ఆనాటి జట్టులో గంచరెంకోతో పాటు అలెగ్జాండర్ హ్లెబ్, విటాలి కుతుజవ్ ఉన్నారు. హ్లెబ్ స్టుట్‌గార్ట్ మీదుగా ఆర్సెనల్‌కూ బార్సిలోనాకూ వెళ్లాడు. కుతుజవ్‌ను మిలాన్ కొనుక్కుంది. గంచరెంకో మాత్రం గాయం వల్ల 25 ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది.

ఆట అంత తొందరగా ఆగిపోవడం వల్ల జరిగిన మేలు ఒకటుంది. తోటివాళ్లు ఇంకా ఆడుతుండగానే ఆయన అదే క్లబ్‌లో రిజర్వు జట్టుకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత 2006, 2007 టైటిళ్లు గెలిపించిన కోచ్ ఇగర్ క్రియుషెంకో దగ్గర సహాయకుడయ్యాడు. 2007 చివర్లో క్రియుషెంకో వెళ్లిపోతే, కప్‌స్కీ బయటివాళ్లను వెతక్కుండా 30 ఏళ్ల గంచరెంకోకే జట్టును అప్పజెప్పాడు. అప్పటికి ఆ ఆటగాళ్లలో చాలామంది ఆయన రిజర్వు జట్టు రోజుల నుంచీ ఎరిగినవాళ్లే. 2008 సెప్టెంబర్ 17న మాడ్రిడ్‌లో బెంచి మీద కూర్చునే సమయానికి ఆయన వయసు 31 ఏళ్ల 99 రోజులు. ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో అంత చిన్న వయసు కోచ్ అంతకుముందు లేడు. పదేళ్ల తర్వాత హోఫెన్‌హైమ్ కోచ్ యూలియన్ నాగెల్స్‌మాన్ 31 ఏళ్ల 58 రోజులతో ఆ రికార్డును దాటాడు.

క్యాలెండర్ ఇచ్చినదీ, తీసుకున్నదీ

2008కి ముందు బెలారస్ క్లబ్ ఏదీ గ్రూపు దశకు చేరలేదు. బాటే ఎలా చేరిందో అర్థం కావాలంటే క్యాలెండర్ తెలియాలి. పడమటి యూరప్‌లో సీజన్ ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. బెలారస్‌లో చలికాలం ఆడే వీలుండదు కాబట్టి మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో మొదలుపెట్టి నవంబర్‌కల్లా ముగిస్తారు. చిన్న దేశాల ఛాంపియన్లకు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు జులై, ఆగస్టుల్లో ఉంటాయి. ఆ రోజుల్లో బాటే ఆటగాళ్లు సీజన్ నడిమధ్యలో, కాళ్లు బాగా ఆడుతున్న స్థితిలో ఉంటారు. ఎదుటి జట్టు అప్పుడప్పుడే సెలవుల నుంచి వచ్చి స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుకుంటూ ఉంటుంది.

ఆ ఏడాది ఐస్‌లాండ్ జట్టు వాలూర్‌ను దాటాక, జులై 30న బ్రస్సెల్స్‌లో ఆండర్‌లెఖ్ట్‌ను 2-1తో ఓడించి, సొంతగడ్డపై 2-2తో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత లెవ్‌స్కీ సోఫియాను అక్కడ 1-0తో గెలిచి, ఇక్కడ 1-1తో ఆపారు. రెండు పెద్ద పోరాటాల్లోనూ నమూనా ఒకటే: ముందు బయట గెలవడం, తర్వాత ఇంట్లో కాపాడుకోవడం. ప్రత్యర్థి తన మైదానంలో ముందుకు తోసుకొస్తే వెనక ఖాళీ మిగులుతుంది. గంచరెంకో జట్టుకు కావలసింది ఆ ఖాళీయే.

గ్రూపులో రియల్ మాడ్రిడ్, యువెంటస్, జెనిత్ ఉన్నాయి. యువెంటస్‌పై బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో 23 నిమిషాలకే క్రివెట్స్, స్టాసెవిచ్ గోల్స్‌తో 2-0 ఆధిక్యం వచ్చింది. విరామానికల్లా ఇయాక్వింటా రెండూ సమం చేశాడు. యువెంటస్‌తో ట్యురిన్‌లో 0-0, జెనిత్‌తో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1-1. మొత్తం మూడు డ్రాలు, మూడు పాయింట్లు, ఒక్క గెలుపూ లేదు. అందులో ఇంట్లో జెనిత్ చేతిలో 0-2 ఓటమిని గుర్తుపెట్టుకోండి. కొంచెం అటూ ఇటూగా తనకు అందే జట్టు ఇంటికొచ్చినప్పుడు ఓడటం అన్నది ముందు ముందు మళ్లీ వస్తుంది.

క్యాలెండర్ చేసే మేలుకు ఒక షరతు ఉంది: ఎదుటివాళ్లు వేరే క్యాలెండర్‌లో ఉండాలి. 2009 నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యుయెఫా క్వాలిఫయింగ్ దారిని రెండుగా చీల్చింది. చిన్న దేశాల ఛాంపియన్లు చిన్న దేశాల ఛాంపియన్లతోనే ఆడతారు, పెద్ద లీగ్‌ల్లో రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు వేరే దారిలో వెళతారు. దారి సులువైందనుకున్న ఆ మొదటి ఏడాదే బాటే లాత్వియా జట్టు వెంట్స్‌పిల్స్ చేతిలో ఆగిపోయింది. అక్కడ 0-1తో ఓడి, ఇక్కడ 2-1తో గెలిచి మొత్తం 2-2తో సమమైనా, ఎదుటివాళ్ల మైదానంలో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారన్న లెక్కలో పోయింది. 2013లో కజకిస్తాన్ జట్టు షాఖ్త్యోర్ కరగండీ ఇంటా బయటా 1-0తో గెలిచి ఇంటికి పంపింది. లాత్వియా, కజకిస్తాన్ లీగ్‌లు కూడా వసంతం నుంచి శరదృతువు దాకా నడిచేవే. కాళ్లు అటువైపూ వేడిగానే ఉన్నాయి. పైగా ఆ జట్లు బాటే మీదికి ఎగబడి రాలేదు. బంతి బాటే కాళ్ల దగ్గర వదిలేసి, ఏం చేస్తావో చెయ్యమన్నాయి.

ఇదే క్యాలెండర్ ఫిబ్రవరిలో ఎదురు తిరుగుతుంది. అప్పట్లో గ్రూపు దాటిన జట్లకు నాకౌట్ మ్యాచ్‌లు ఫిబ్రవరి మధ్యలో వచ్చేవి. అప్పటికి బెలారస్ జట్టు లీగ్ మ్యాచ్ ఆడి రెండున్నర నెలలు దాటిపోయేది. శిక్షణ శిబిరాల్లో ఎంత పరిగెత్తినా పోటీ మ్యాచ్ వేగం రాదు, ముఖ్యంగా గోల్ ముందు ఆ అర సెకను తొందర తగ్గిపోతుంది. యూరోపా లీగ్‌లో 2011లో పారిస్ సాంజెర్మాతో 2-2, 0-0. 2013లో ఫెనెర్‌బాచేతో 0-0, 0-1. నాలుగు మ్యాచ్‌ల్లో ఓడింది ఒక్కటే అయినా రెండు పోరాటాలూ చేజారాయి. నాలుగింట్లో కలిపి కొట్టినవి రెండే గోల్స్.

డబ్బు చక్రం

ఐరోపా డబ్బు లేకుండా ఈ కథ నడిచేది కాదు. 2012-13లో గ్రూపు దశకు చేరిన ప్రతి క్లబ్బుకూ యుయెఫా 86 లక్షల యూరోలు ఇచ్చేది. గెలుపుకు 10 లక్షలు, డ్రాకు 5 లక్షలు అదనం. రెండు గెలుపులతో బాటేకు ఆ లెక్కన కోటీ 6 లక్షల యూరోలు ముట్టాయి, టీవీ వాటా కాకుండానే. స్వదేశంలో మరే క్లబ్బూ అందుకోలేని మొత్తమది. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను పట్టి ఉంచుకోవచ్చు, పట్టి ఉంచుకుంటే లీగ్ గెలుస్తారు, గెలిస్తే మళ్లీ క్వాలిఫయింగ్‌కు దారి. బాటే 2006 నుంచి 2018 దాకా వరుసగా 13 టైటిళ్లు గెలిచింది. వాటిలో 2008 నుంచి 2012 దాకా ఐదు గంచరెంకోవి. అన్నేళ్లూ బరీసవ్‌లోని పాత మైదానం ఐరోపా పెద్ద రాత్రులకు చాలక, ఆ మ్యాచ్‌లు మిన్‌స్క్ డినమో స్టేడియంలో ఆడుకున్నారు. కొత్త బరీసవ్ అరీనా తెరిచేది 2014లో, ఆయన వెళ్లిపోయాకే.

2012 గ్రూపు చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదట లీల్‌పై ఫ్రాన్స్‌లో 3-1. తర్వాత అక్టోబర్ 2న మిన్‌స్క్‌లో బయర్న్ మ్యూనిక్‌పై 3-1. 23వ నిమిషంలో పావ్లవ్, 78లో రొదియోనవ్ కొట్టారు, అదనపు సమయంలో రిబెరీ ఒకటి తిరిగి ఇస్తే, వెంటనే బ్రెసాన్ మూడోది కొట్టాడు. ఆ సీజన్‌లో బయర్న్ మూడు ట్రోఫీలూ గెలిచింది. ఛాంపియన్స్ లీగ్ మొత్తం మీద అది ఓడినవి రెండే మ్యాచ్‌లు, రెండోది ఆర్సెనల్‌తో. తన పాత సహచరుడు హ్లెబ్‌ను ఆ జట్టులో ఆడించింది గంచరెంకోయే.

రెండు మ్యాచ్‌లకు ఆరు పాయింట్లు. మిగతా నాలుగింటికి సున్నా. వాలెన్సియాతో 0-3, 2-4, ఇంట్లో లీల్‌తో 0-2, మ్యూనిక్‌లో 1-4. ఆ ఆరు పాయింట్లే మూడో స్థానానికి సరిపోయాయి, ఎందుకంటే లీల్‌కు వచ్చినవి మూడే. లీల్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. బయట 3-1, ఇంట్లో 0-2. తన ఇంట్లో గెలవాలని దూకిన లీల్ వెనక ఖాళీ వదిలింది. రెండోసారి బాటేనే ముందుకెళ్లాల్సిన జట్టు అయింది.

ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల లాభనష్టాలు

రష్యాలో మొదటి మూడేళ్లు ఒకచోట కుదురుకోలేదు. 2013 చివర్లో కుబాన్ క్రస్నదార్, 2015లో కొద్ది నెలలు ఉరాల్, తర్వాత సీఎస్‌కేఏలో లియోనిద్ స్లుత్‌స్కీకి సహాయకుడు, 2016లో ఆరు నెలలు ఉఫా. ఏడేళ్లు జట్టును నడిపిన స్లుత్‌స్కీ 2016 డిసెంబర్‌లో వెళ్లిపోగానే సీఎస్‌కేఏ పిలుపు వచ్చింది.

అక్కడ ఆయనకు దొరికింది ముసలి వెన్నెముక. ఇగ్నషెవిచ్ 1979లో పుట్టాడు, బెరెజూత్‌స్కీ కవలలు 1982లో. గోల్‌లో అకిన్‌ఫేయెవ్. వీళ్లకు తెలివి ఉంది, వేగం తగ్గింది. గంచరెంకో చేసింది తేలికగా కనిపించే పెద్ద మార్పు. గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్లు, అంటే సెంటర్‌బ్యాక్‌లు, ఇద్దరి స్థానంలో ముగ్గురిని నిలబెట్టి, కుడివైపు మారియో ఫెర్నాండెస్‌నూ ఎడమవైపు షెన్నికవ్‌నూ వింగ్‌బ్యాక్‌లుగా, అంటే అంచు వెంట ముందుకూ వెనక్కూ పరిగెత్తే డిఫెండర్లుగా, పంపాడు.

ఇది ఎలా పనిచేస్తుందంటే: బంతి ఒక పక్కకు వెళ్లగానే ఆ వైపు వింగ్‌బ్యాక్ ముందుకొచ్చి ఎదుర్కొంటాడు. అతని వెనక ఖాళీని దగ్గరి సెంటర్‌బ్యాక్ నింపుతాడు. అవతలి వింగ్‌బ్యాక్ లోపలికి జరిగి వరసలో కలుస్తాడు. బాక్సు ముందు ఇంకా ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు మిగిలే ఉంటారు. వయసు మీదపడ్డ డిఫెండర్ పెద్ద ఖాళీలో పరుగు పందెం పెట్టుకోనక్కర్లేదు, తన ముందున్న పది అడుగులు చూసుకుంటే చాలు. బంతి దొరకగానే గొలవిన్ లాంటి మిడ్‌ఫీల్డర్ ద్వారా ముందున్న ఇద్దరికీ రెండు, మూడు పాస్‌లలో చేరిపోతుంది.

ఈ అమరికకు ప్రధానంగా రెండు లోపాలు. మొదటిది, మైదానం 68 మీటర్ల వెడల్పును మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురే కాయాలి. బంతిని ఈ పక్క నుంచి ఆ పక్కకు వేగంగా మార్చే జట్టు దొరికితే వాళ్లు అలసిపోతారు. రెండోది ఇంకా పెద్దది. ఎదుటివాళ్లు ఒక్క స్ట్రైకర్‌ను వదిలి మిగతా అందరినీ వెనక్కి లాగితే, ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లలో ఒకరికి పనే ఉండదు. ముందు ఒక మనిషి తక్కువైనట్టే. ఆ సెంటర్‌బ్యాక్ బంతితో మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచి రాగలగాలి, లేకపోతే బంతి మన దగ్గరున్నా ఆట వాళ్ల చేతిలోనే ఉంటుంది.

2017-18లో లాభమే ఎక్కువ కనిపించింది. క్వాలిఫయింగ్‌లో ఏఈకే ఏథెన్స్, యంగ్ బాయ్స్ జట్లను ఒక్క గోల్ ఇవ్వకుండా దాటారు. గ్రూపులో బెన్‌ఫికాపై రెండుసార్లు, బాసెల్‌లో ఒకసారి గెలిచి 9 పాయింట్లు తెచ్చుకున్నా, మాంచెస్టర్ యునైటెడ్ 15, బాసెల్ 12 ఉండటంతో మూడో స్థానం. యూరోపా లీగ్‌లో లియాన్‌తో ఇంట్లో 0-1 ఓడి, అక్కడికెళ్లి 3-2తో గెలిచి క్వార్టర్‌ఫైనల్ చేరారు. అక్కడ ఆర్సెనల్ ఆపింది. గ్రూపులో ఇంట్లో బాసెల్‌తో 0-2 ఓటమి లేకుంటే కథ వేరు.

2018 వేసవిలో జట్టు పునాదులే కదిలాయి. ఇగ్నషెవిచ్, ఇద్దరు బెరెజూత్‌స్కీలూ రిటైరయ్యారు. గొలవిన్‌ను మొనాకో కొనుక్కుంది. వెర్న్‌బ్లూమ్, నాట్‌ఖో వెళ్లిపోయారు. వచ్చినవాళ్లు కుర్రాళ్లు: ఎవర్టన్ నుంచి అద్దెకు వ్లాషిచ్, ఐస్‌లాండ్ కుర్రాడు ఆర్నోర్ సిగుర్ద్‌సన్, స్లొవేనియా నుంచి బియోల్, బ్రెజిల్ డిఫెండర్ బెకావ్, ఉఫా నుంచి ఒబ్లికోవ్. ఇంటి కుర్రాడు చాలవ్ ఆ సీజన్‌లో 15 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. కోచ్‌గా గంచరెంకో చేసిన అతి గొప్ప పని ఆ ఏడాదిదే అంటాం, ట్రోఫీ లెక్కలో సూపర్ కప్ ఒక్కటే ఉన్నా సరే.

ఆయన కాలం తర్వాత్తర్వాత సన్నగిల్లింది. 2019-20 యూరోపా గ్రూపులో 5 పాయింట్లతో ఆఖరు, 2020-21లో ఒక్క గెలుపూ లేకుండా మూడు డ్రాలతో మళ్లీ ఆఖరు. లీగ్‌లో రెండు రెండో స్థానాల తర్వాత రెండు నాలుగో స్థానాలు. 2021 మార్చిలో సీఎస్‌కేఏను వదిలి ఏప్రిల్‌లో క్రస్నదార్ చేరి, 2022 జనవరిలో అక్కడినుంచీ వెళ్లిపోయాడు.

ప్లజెన్ దగ్గర

ఇప్పుడు 2018 గ్రూపు లెక్క. సెప్టెంబర్‌లో ప్లజెన్‌లో 0-2 వెనకబడి, 95వ నిమిషం పెనాల్టీతో 2-2. అక్టోబర్‌లో రియల్‌పై 1-0: క్రూస్ తప్పుడు పాస్‌ను అందుకుని వ్లాషిచ్ రెండో నిమిషంలోనే కొట్టాడు, తర్వాత రియల్ మూడుసార్లు గోల్ స్తంభాలకు కొట్టింది. రోమాతో 0-3, 1-2. నవంబర్ 27న మాస్కోలో ప్లజెన్‌తో 1-2. ఆఖర్న బెర్నబేవ్ 3-0. మొత్తం 7 పాయింట్లు. అదే రాత్రి ప్లజెన్ రోమాను 2-1తో ఓడించి తనూ 7కి చేరింది. రియల్, రోమా అప్పటికే ముందుకు వెళ్లడం ఖాయమైనవి కాబట్టి రెండూ పూర్తి బలంతో లేవని కూడా చెప్పుకోవాలి.

పాయింట్లు సమమైతే అప్పట్లో ఏం చూసేవారు? క్రికెట్‌లో నెట్ రన్‌రేట్‌కు అలవాటుపడ్డ మనం మొత్తం గోల్స్ తేడా అనుకుంటాం. అలా చూస్తే సీఎస్‌కేఏ కొట్టినవి 8, ఇచ్చినవి 9, తేడా -1. ప్లజెన్ కొట్టినవి 7, ఇచ్చినవి 16, తేడా -9. కానీ అప్పుడు యుయెఫా ముందు ఆ రెండు జట్లూ తమలో తాము ఆడిన మ్యాచ్‌ల పాయింట్లు చూసేది. ఆ తర్వాత ఆ మ్యాచ్‌ల గోల్స్ తేడా, వాటిలో బయట కొట్టిన గోల్స్. మొత్తం తేడా వీటి తర్వాతే. మొదటి మెట్టులోనే తేలిపోయింది: ప్లజెన్ 4, సీఎస్‌కేఏ 1. రియల్‌ను బెర్నబేవ్‌లో పదింటికి కొట్టినా ఆ లెక్క మారేది కాదు. అదే నవంబర్ మ్యాచ్ డ్రా అయి ఉంటే సీఎస్‌కేఏ 8, ప్లజెన్ 5.

ఆ మ్యాచ్‌లో సీఎస్‌కేఏ పదో నిమిషంలోనే వ్లాషిచ్ పెనాల్టీతో ముందుకెళ్లింది. 56లో ప్రొఖాజ్కా సమం చేశాడు, 81లో హెయ్దా గెలిపించాడు.

ఏడేళ్లు వెనక్కి, 2011కి వెళ్తే ఇదంతా ముందే జరిగినట్టుంటుంది. బాటే గ్రూపులో బార్సిలోనా, మిలాన్, ప్లజెన్. బార్సిలోనా 5-0, 4-0తో నలిపేసింది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. మిన్‌స్క్‌లో మిలాన్‌ను 1-1తో ఆపారు. ప్లజెన్‌తో అక్కడ 1-1, ఇక్కడ 0-1. బాటేకు చివరికి 2 పాయింట్లు, ప్లజెన్‌కు 5, మూడో స్థానం ప్లజెన్‌ది. ఆ ఇంటి మ్యాచ్ 0-0 అయి, మిగతా ఫలితాలు అవే ఉంటే ఇద్దరికీ చెరి మూడు పాయింట్లు, బయట కొట్టిన గోల్‌తో బాటేదే పైచేయి.

రెండుసార్లూ బయట డ్రా, ఇంట్లో ఒక్క గోల్ తేడాతో ఓటమి. రెండుసార్లూ దానివల్లే మూడో స్థానం పోయింది. ప్లజెన్ పెద్ద జట్టు కాదు, గంచరెంకో జట్లకు సాటి జట్టు. బంతిని ఎదుటివాళ్లకు ఇవ్వడానికి మొహమాటపడదు, వెనక్కి కూర్చోవడానికి సిగ్గుపడదు, కార్నర్లలో, ఫ్రీకిక్‌లలో ఎత్తరి ఆటగాళ్లతో ప్రమాదం తెస్తుంది. గంచరెంకో రియల్‌కూ బయర్న్‌కూ వేసిన వలనే ప్లజెన్ గంచరెంకోకు వేసింది. 2011లోనూ 2018లోనూ ప్లజెన్ బెంచి మీద ఉన్నది ఒకే కోచ్, పావెల్ వ్రబా.